పందుల బెడదకు బోల్ట్ యాక్షన్ రైఫిల్ కొనొచ్చా? గంగవరం రైతు కుటుంబాలు ముందే తెలుసుకోవాల్సిన విషయాలు

'రాత్రి మళ్లీ పందులు పడినాయి, చెనక్కాయ చేనంతా దున్నిపెట్టినాయి' అని ఊరి నుంచి నాయన ఫోన్ చేస్తారు. బెంగళూరులోనో తిరుపతిలోనో ఉద్యోగం చేసుకుంటున్న మీరు వెంటనే ఫోన్‌లో వెతుకుతారు. 'తక్కువ ధరలో మంచి వేట రైఫిల్' అని కొడితే చాలు, అమెరికా వీడియోలు వరసగా వచ్చిపడతాయి. రూగర్ అమెరికన్, శావేజ్ యాక్సిస్, మాస్‌బర్గ్ పేట్రియాట్... అక్కడ ఇవన్నీ సామాన్యుడి బడ్జెట్‌లో దొరికే బోల్ట్ యాక్షన్ రైఫిళ్లు. ఏది గురి తప్పదు, దేని ట్రిగ్గర్ మెత్తగా ఉంటుంది అని గంటల కొద్దీ పోలికలు.

చూడటానికి బాగానే ఉంటాయి. కానీ చిత్తూరు జిల్లా గంగవరం మండలంలో పొలం ఉన్నవాళ్లకు ఆ పోలికలు ఎందుకూ పనికిరావు. (ఓడరేవు ఉన్న విశాఖ గంగవరం కాదు, పలమనేరు పక్కనున్న గంగవరం గురించే ఇక్కడ చెబుతున్నాం.) వేరే దేశంలో 'ఏ రైఫిల్ కొనాలి' అన్నది మొదటి ప్రశ్న. ఇక్కడ అది చివరి ప్రశ్న. దానికన్నా ముందు రెండు చట్టాలు, కలెక్టరేట్, పోలీస్ స్టేషన్, అటవీ శాఖ ఆఫీసు వరసగా ఉంటాయి. అవన్నీ దాటి వెళ్లాక చేతికి వచ్చేది కూడా రైఫిల్ కాకపోవచ్చు.

అసలు బోల్ట్ యాక్షన్ అంటే ఏంటి? మన దగ్గర ఏవి దొరుకుతాయి?

తలుపు గడియ లాంటి పిడిని చేత్తో పైకెత్తి వెనక్కి లాగితే కాల్చిన తూటా గొట్టం బయటపడుతుంది. ముందుకు తోస్తే కొత్త తూటా లోపలికి వెళ్తుంది. ఆ గడియే బోల్ట్. కదిలే భాగాలు తక్కువ కాబట్టి చెడిపోయేది తక్కువ, గురి ఎక్కువ. వేటకు ఆ రైఫిళ్లు పేరుపడింది అందుకే.

మన దేశంలో పౌరులకు అమ్మే బోల్ట్ యాక్షన్ రైఫిళ్లలో ఎక్కువగా వినిపించే పేరు .315 స్పోర్టింగ్ రైఫిల్. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారుచేస్తుంది. బ్రిటిష్ సైన్యం వాడిన లీ-ఎన్‌ఫీల్డ్ మోడల్‌కు ఇది చుట్టమే. సైన్యం వాడిన .303 తూటా పౌరులకు నిషిద్ధ బోర్ కిందకు వస్తుంది, .315 రాదు. అదే ఫ్యాక్టరీ నుంచి .30-06, .22 రైఫిళ్లు కూడా వచ్చాయి. 2021 అక్టోబర్ 1న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు ప్రభుత్వ కంపెనీలుగా విడగొట్టాక ఇషాపూర్ ఫ్యాక్టరీ 'అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా' అనే సంస్థ కిందకు వచ్చింది.

మరి వీడియోల్లో కనిపించే విదేశీ రైఫిళ్లు? 1980ల మధ్య నుంచి సాధారణ పౌరులు తుపాకులు దిగుమతి చేసుకునే దారి దాదాపు మూసుకుపోయింది. గుర్తింపు పొందిన షూటింగ్ క్రీడాకారులకు మాత్రం మినహాయింపు ఉంది. మార్కెట్లో తిరుగుతున్న పాత విదేశీ రైఫిళ్లు అంతకుముందు వచ్చినవే. ఉన్నవి కొన్నే కాబట్టి ధర బాగా పలుకుతుంది. బడ్జెట్ అన్న మాట అక్కడ కుదరదు.

పంట కాపాడుకోవడానికి చట్టం ఇచ్చే తుపాకీ ఏది?

చాలామందికి తెలియని విషయం ఇదే. ఆయుధాల చట్టం, 1959లోని 13వ సెక్షన్ పంట రక్షణ గురించి విడిగా మాట్లాడుతుంది. నిజంగా పంట కాపాడుకోవడానికే అయితే మజిల్ లోడర్‌కు, అంటే గొట్టం మూతి నుంచి మందు, గుండ్లు కూరి కాల్చే తుపాకీకి, లైసెన్స్ ఇవ్వాలని అందులో ఉంది. అది సరిపోదని లైసెన్స్ ఇచ్చే అధికారికి నమ్మకం కలిగితే, కనీసం 20 అంగుళాల గొట్టం ఉన్న స్మూత్ బోర్ తుపాకీకి అనుమతి ఇవ్వొచ్చు. ఊళ్లో అందరూ 'డబుల్ బ్యారెల్' అని పిలిచే 12 బోర్ ఈ కోవలోదే.

పంట రక్షణ గురించిన ఆ వాక్యంలో రైఫిల్ అన్న మాటే లేదు.

దరఖాస్తులో 'పంట రక్షణ' అని కారణం రాసి .315 రైఫిల్ అడిగితే ఫైలు అక్కడే ఆగిపోయే అవకాశం ఎక్కువ. ఆత్మరక్షణకో క్రీడకో రైఫిల్ లైసెన్స్ అడగడం వేరే దారి. ఆ కారణాలను రుజువు చేయాల్సింది మీరే. ఆత్మరక్షణ అని తీసుకుని రాత్రిపూట పొలంలో పందుల మీద వాడితే, లైసెన్స్‌లో రాసిన ప్రయోజనాన్ని మీరే తప్పినట్టు అవుతుంది.

చట్టం ఇలా గీత గీయడంలో అర్థం లేకపోలేదు. రైఫిల్ గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులు ఉంటాయి. తూటా గిరగిరా తిరుగుతూ దూసుకెళ్తుంది. రైఫిళ్లలో చిన్నదైన .22 తూటా కూడా ఒకటిన్నర మైలు వెళ్లగలదని దాని పెట్టె మీదే హెచ్చరిక ఉంటుంది. .315 అంతకన్నా ఎంతో శక్తివంతమైనది. మీ చేను దాటితే పక్క చేను, ఆ తర్వాత పాల కోసం పెంచే ఆవుల కొట్టం, పట్టుపురుగుల షెడ్డు, టమాటా లోడు కోసం ఆగిన వ్యాన్. పంది పక్కనుంచి తప్పిపోయిన తూటా వీటిలో ఎక్కడ ఆగుతుందో చీకట్లో ఎవరూ చెప్పలేరు. 12 బోర్ గుండ్లు అలా కాదు. పెద్ద గుండ్లున్న తూటా అయినా 30-40 గజాలు దాటితే పట్టు తగ్గిపోతుంది. ఇళ్లూ పొలాలూ కలిసిపోయి ఉన్న చోట ఆ తక్కువ దూరమే మేలు.

మజిల్ లోడరా, సింగిల్ బ్యారెలా, డబుల్ బ్యారెలా?

అసలు పోల్చి చూసుకోవాల్సింది ఈ మూడింటినే.

మజిల్ లోడర్ అన్నింటికన్నా చవక. లైసెన్స్ పరంగానూ చట్టం మొదట చూపించే దారి ఇదే. ఇబ్బందల్లా వాడకంలో. ఒకసారి కాల్చాక మళ్లీ మందు పోసి, కూరి, సిద్ధం చేసుకునేసరికి పందుల గుంపు గట్టు దాటేస్తుంది. పలమనేరు వైపు చలికాలం మంచు ఎలా కురుస్తుందో మీకు తెలుసు. ఆ చెమ్మకు నల్లమందు తడిసిందంటే మీట నొక్కినా పేలదు. ఒక్కోసారి ఆలస్యంగా పేలుతుంది, అది ఇంకా ప్రమాదం.

12 బోర్ సింగిల్ బ్యారెల్‌ను కాగితాల్లో 'ఎస్‌బీబీఎల్' అని, డబుల్ బ్యారెల్‌ను 'డీబీబీఎల్' అని రాస్తారు. రెండూ వెనక నుంచి విరిచి తూటా పెట్టేవే. జమ్మూలో, బిహార్‌లోని ముంగేర్‌లో లైసెన్స్ ఉన్న ప్రైవేటు కర్మాగారాలు వీటిని తయారుచేస్తాయి. తిరుచిరాపల్లి ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ 12 బోర్ పంప్ యాక్షన్ కూడా చేస్తుంది, కానీ చేను కాపలాకు అంత అవసరం ఉండదు. డబుల్ బ్యారెల్‌లో రెండో తూటా సిద్ధంగా ఉంటుంది. సింగిల్ తేలిక, చవక, శుభ్రం చేయడం సులభం. చేను దగ్గర తుపాకీ పని ఎక్కువగా శబ్దమే. ఆ లెక్కన అరవై దాటిన మనిషి రాత్రంతా భుజాన మోయాలంటే సింగిల్ బ్యారెలే నయమని మా అభిప్రాయం.

సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటుంటే గొట్టాన్ని వెలుతురుకు పట్టి లోపల చూడండి. తుప్పు తిన్న గుంటలుంటే వద్దు. విరిచే కీలు దగ్గర ఊగితే వద్దు. గొట్టం మీద ప్రూఫ్ ముద్ర, సీరియల్ నంబరు స్పష్టంగా ఉండాలి. ఆ నంబరు అమ్మేవాళ్ల లైసెన్స్‌లో ఉన్న నంబరుతో కలవాలి. గీకేసిన నంబరున్న తుపాకీని తాకడం కూడా తెలివైన పని కాదు.

కౌండిన్య అభయారణ్యం సంగతేంటి?

గంగవరం, పలమనేరు, కుప్పం వాళ్లకు మిగతా జిల్లాల వాళ్లకు లేని ఒక మెలిక ఉంది. 1980లలో తమిళనాడు వైపు నుంచి ఏనుగులు ఇటు వచ్చి స్థిరపడ్డాక 1990లో కౌండిన్య వన్యప్రాణి అభయారణ్యం ఏర్పడింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 34వ సెక్షన్ ప్రకారం, అభయారణ్యం చుట్టూ 10 కిలోమీటర్ల లోపు కొత్తగా ఆయుధ లైసెన్స్ ఇవ్వాలంటే రాష్ట్ర చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్ ముందస్తు సమ్మతి ఉండాలి. కలెక్టర్ ఒక్కరే సంతకం పెట్టి ఇచ్చేది కాదన్నమాట.

ఇప్పటికే లైసెన్స్ ఉన్నవాళ్లు కూడా ఆ పరిధిలో ఉంటే తమ పేరును అటవీ శాఖ దగ్గర నమోదు చేయించుకోవాలి. తుపాకీతో అభయారణ్యం హద్దులోకి అనుమతి లేకుండా అడుగు పెట్టడమే నేరం, కాల్చారా లేదా అన్నది తర్వాత సంగతి. తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ వెళ్లామన్నా చేతిలో తుపాకీ ఉంటే వినేవాళ్లు ఉండరు.

కాబట్టి దరఖాస్తుకు ముందే పలమనేరు అటవీ రేంజ్ ఆఫీసుకు వెళ్లి, మీ సర్వే నంబరు ఆ 10 కిలోమీటర్ల గీతకు లోపల ఉందో బయట ఉందో అడగండి. ఒక్క పూట పని. నెలల తరబడి ఫైలు ఎక్కడుందో తెలియక తిరిగే బాధ తప్పుతుంది.

లైసెన్స్ ఉంటే పందిని కాల్చొచ్చా?

కాల్చకూడదు. ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే.

తుపాకీ లైసెన్స్ మీ దగ్గర తుపాకీ ఉండటానికి అనుమతి మాత్రమే. జంతువును చంపడానికి వేరే అనుమతి కావాలి. 2022 సవరణ తర్వాత, 2023 ఏప్రిల్ 1 నుంచి అడవి పంది వన్యప్రాణి చట్టం రెండో షెడ్యూల్‌లో ఉంది. నిలబడి ఉన్న పంటకు, ఆస్తికి ప్రమాదంగా మారితే చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ కారణాలు రాసి, రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వొచ్చని 11వ సెక్షన్ చెబుతోంది. ఆ కాగితం లేకుండా కాల్చితే అది వేటే. చంపడమే కాదు, ఉచ్చు వేయడం, విషం పెట్టడం, ఎర వేయడం, వాటికి ప్రయత్నించడం కూడా చట్టం దృష్టిలో వేటే. మీ మీద పడిన జంతువు నుంచి ప్రాణం కాపాడుకోవడానికి సదుద్దేశంతో చంపితే తప్పు కాదు, కానీ ఆ సమయంలో మీరు వేరే నేరం చేస్తూ ఉండకూడదు. అనుమతితో చంపిన జంతువైనా ప్రభుత్వ ఆస్తి. మాంసం ఊళ్లో పంచుకుంటే మళ్లీ కేసు.

'వేరే రాష్ట్రాల్లో చంపనిస్తున్నారు కదా' అని అడుగుతారు. 2015-16లో బిహార్‌, ఉత్తరాఖండ్‌లలో అడవి పందిని కొంతకాలం పాటు, కొన్ని ప్రాంతాలకు 'హానికర జంతువు'గా కేంద్రం ప్రకటించిన మాట నిజం. కేరళ 2022లో వేరే దారి పట్టింది. పంచాయతీ అధ్యక్షులకే పందిని చంపమని ఆదేశించే అధికారం ఇచ్చింది. అక్కడ కూడా కాల్చేది లైసెన్స్ ఉన్న తుపాకీతో, అధికారిక ఆదేశం మీద. చేను యజమాని తనకు తోచినప్పుడు కాల్చడం ఎక్కడా లేదు. బెంగళూరులో ఉన్నవాళ్లు ఇంకో మాట కూడా వినే ఉంటారు, కొడగులో లైసెన్సే అక్కర్లేదని. ఆ మినహాయింపు కొడవలకు, అక్కడి జమ్మా భూముల వారసులకు మాత్రమే. 2019లో కేంద్రం దాన్ని మరో పదేళ్లు పొడిగించింది. సరిహద్దుకు ఇవతల ఉన్న మనకు వర్తించదు.

ఏనుగుల విషయంలో సందేహమే వద్దు. ఏనుగు, నెమలి మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పంట తిన్నందుకు ఈ షెడ్యూల్ జంతువును చంపే ఆదేశం ఇవ్వడానికి చట్టంలో వీలే లేదు. మనిషి ప్రాణానికి ముప్పయితేనో, కోలుకోలేని స్థితిలో ఉంటేనో, అదీ పట్టుకోవడానికి, మత్తు ఇవ్వడానికి వీలుకానప్పుడే ఆ ఆలోచన. మొదటి షెడ్యూల్ జంతువును వేటాడితే 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా. చిన్న గుండ్లు తగిలి గాయపడ్డ ఏనుగు చావదు, మనుషులు కనబడితే మీదకు వస్తుంది. మరుసటి రాత్రి దాని దారిలో ఉండేది కాల్చినవాడే కానక్కర్లేదు, నీళ్లు కట్టడానికి వెళ్లిన పక్కింటి ఆయన కావచ్చు.

దరఖాస్తు ఎవరు చేయాలి? ఎలా?

పొలం చూసుకునేది ఎవరో వాళ్లే చేయాలి. మీరు బెంగళూరులో ఉంటూ గంగవరం చేను కోసం మీ పేరున అడిగితే నివాసం దగ్గరే చిక్కు వస్తుంది. వయసు 21 నిండి ఉండాలి. దరఖాస్తు ఫారం ఏ-1. కేంద్ర హోం శాఖ నడిపే 'ఎన్‌డీఏఎల్-ఏఎల్ఐఎస్' పోర్టల్‌లో వివరాలు నింపి, జిల్లా కలెక్టర్‌ను లైసెన్స్ అధికారిగా ఎంచుకోవాలి. మీరు నాయనకు చేయగల నిజమైన సాయం ఇదే, ఫోన్‌లో ఆ ఫారం సరిగ్గా నింపి పెట్టడం.

గుర్తింపు, చిరునామా పత్రాలతో పాటు పట్టాదారు పాస్‌బుక్, అడంగల్ కావాలి. శారీరక, మానసిక ఆరోగ్య ధ్రువపత్రం, ఆయుధం వాడకంలో శిక్షణ పొందిన పత్రం, ఇంట్లో భద్రంగా దాచుకుంటామన్న హామీ జతచేయాలి. గతంలో పందులు పడినప్పుడు అటవీ శాఖకు ఇచ్చిన ఫిర్యాదుల నకళ్లు ఉంటే తప్పకుండా పెట్టండి. 'నిజంగా పంట రక్షణకే' అన్న మాటకు అంతకు మించిన రుజువు లేదు. స్థానిక పోలీసులు విచారణ చేసి నివేదిక పంపుతారు. తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా అడిగే హక్కు, అప్పీలు చేసుకునే హక్కు మీకున్నాయి.

2019 సవరణ తర్వాత లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది. ఒకరి దగ్గర ఉండగల తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. లైసెన్స్ చేతికి వచ్చాకే డీలర్ గడప తొక్కాలి, ముందే అడ్వాన్స్ ఇచ్చి బుక్ చేసుకోవడం వద్దు. ఎన్నికల కోడ్ వస్తే పోలీసులు తుపాకీ స్టేషన్‌లో అప్పగించమంటారు. అది పంట చేతికొచ్చే సమయమైనా సరే.

తాతల నాటి తుపాకీ ఇంట్లో ఉంటే?

చాలా ఇళ్లలో ఇదే అసలు సమస్య. లైసెన్స్ ఉన్న పెద్దాయన చనిపోతారు, తుపాకీ అటక మీద ఉండిపోతుంది. ఆ రోజు నుంచి అది లైసెన్స్ లేని తుపాకీయే. పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో అప్పగించి రసీదు తీసుకోవాలి, వారసులు తమ పేరున లైసెన్స్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. పెద్దాయన ఉండగానే మార్చుకునే వీలు కూడా ఉంది. ఆయనకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ ఆయన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా కుటుంబ వారసుడి పేరు మీదకు మార్చమని అడగొచ్చు. లైసెన్స్ లేకుండా తుపాకీ ఉంచుకుంటే ఇప్పుడు శిక్ష 2 నుంచి 5 ఏళ్ల జైలు, జరిమానా. దొంగచాటు నాటు తుపాకీ కూడా అంతే. 'ఊళ్లో అందరి దగ్గరా ఉంది' అన్నది కోర్టులో చెల్లే వాదన కాదు.

ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఎయిర్ గన్లు?

0.177 అంగుళాల బోర్ దాటని, 20 జౌళ్ల శక్తి మించని ఎయిర్ గన్‌కు లైసెన్స్ అక్కర్లేదు. దాంతో పందికి చురుక్కుమంటుంది, అంతే. ఆ గీత దాటితే లైసెన్స్ కావాలి, 'పవర్ పెంచి ఇస్తాం' అనే ప్రకటనలు మిమ్మల్ని గీత దాటించేవే. లైసెన్స్ అక్కర్లేని ఎయిర్ గన్‌తో నెమలిని కొట్టినా వన్యప్రాణి కేసు మామూలే. ఇక టెలిగ్రామ్ గ్రూపుల్లో .315 రైఫిల్ ఫొటో పెట్టి అడ్వాన్స్ అడిగేవాళ్లు మోసగాళ్లు. ఒకవేళ నిజంగా పంపినా అప్పుడు నేరస్తులు మీరే.

తుపాకీ వచ్చేలోపు చేను సంగతేంటి?

చేను చుట్టూ కరెంటు తీగ లాగడం మాత్రం వద్దు. ఈ ప్రాంతంలో అలాంటి తీగలు తగిలి ఏనుగులు చనిపోయాయి. అడవి అంచు పొలాల్లో మనుషుల ప్రాణాలూ పోతున్నాయి. పండులో పేలుడు మందు పెట్టే పద్ధతి ఇంకా దారుణం, మొదట కొరికేది మీ ఆవే కావచ్చు. సోలార్ కంచె వేరు. అది క్షణకాలం షాక్ కొట్టి వదిలేస్తుంది, నేరుగా లైన్ నుంచి లాగిన కరెంటులా పట్టుకోదు. ఏనుగుల గుంపులను మళ్లించడానికి 2025 మేలో కర్ణాటక ఇచ్చిన కుంకీ ఏనుగులను పలమనేరు దగ్గర ముసలిమడుగు శిబిరంలో ఉంచారు. ఏనుగు కనబడితే అటవీ సిబ్బందికి ఫోన్ చేయడమే పద్ధతి.

పంట పోయిన రోజే, దున్నకముందే ఫొటోలు తీయండి. లొకేషన్ ఆన్‌లో ఉండాలి, అడుగుజాడలు కనిపించాలి. వాటితో రేంజ్ ఆఫీసులో పరిహారం దరఖాస్తు ఇచ్చి రసీదు అడిగి తీసుకోండి. రేపు లైసెన్స్ ఫైలులోకి కూడా అదే పనికొస్తుంది. అడవి జంతువుల వల్ల పోయిన పంటను 2026 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమా పరిధిలోకి తెస్తామని కేంద్రం 2025 నవంబర్‌లో ప్రకటించింది. ఏ జంతువులు, ఏ ప్రాంతాలు అన్నది రాష్ట్రం నోటిఫై చేయాలి. నష్టం జరిగిన 72 గంటల్లోపు పంటల బీమా యాప్‌లో లొకేషన్‌తో కూడిన ఫొటోలు పెట్టాలి. కాబట్టి ప్రీమియం కట్టేటప్పుడే ఊరి రైతు సేవా కేంద్రంలో మీ పంటకు ఈ కవర్ ఉందో లేదో అడిగి చూసుకోమని నాయనకు చెప్పండి.